డౌట్ అడగమంటే ఏం అడగాలో తెలియట్లేదు

ప్రశ్న: మేడమ్, నేను అనంతపురం దగ్గర గవర్నమెంట్ హైస్కూల్లో టెన్త్ చదువుతున్నా. పాఠం అయ్యాక మా సార్లు డౌట్లు ఉంటే అడగండి అంటారు, ఒక్కరం కూడా లేయం. అప్పటికి అంతా అర్థమైనట్టే ఉంటుంది, పరీక్షలో ప్రశ్న కొంచెం తిప్పి ఇస్తే మాత్రం చేయి ఆడదు. మంచి ప్రశ్న అడగడం ఎట్లా నేర్చుకోవాలి? ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో పద్ధతి ఉంటుందా?
– ఒక విద్యార్థిని, అనంతపురం జిల్లా

జవాబు: చాలా మంచి ఉత్తరం రాశావు తల్లీ. డౌట్ అనేది పాఠం అవ్వగానే దానంతట అది వచ్చేది కాదు, మనమే వెతుక్కోవాలి. సార్ చెప్తుంటే అర్థమైనట్టు అనిపించడం మామూలే, ఎందుకంటే దారి చూపించేది ఆయన, నువ్వు వెనకాల నడుస్తున్నావు అంతే. సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకం మూసి అదే విషయం తమ్ముడికో చెల్లికో నీ మాటల్లో చెప్పి చూడు, ఎక్కడో ఒకచోట 'అంటే... అదీ...' అని ఆగిపోతావు. నీ డౌట్ సరిగ్గా అక్కడే ఉంది, దాన్ని నోట్సులో రాసిపెట్టుకో. 'సార్ పాఠం అర్థం కాలేదు' అంటే ఆయన మళ్లీ మొదట్నుంచి అదే చెప్తారు, ఆయన తప్పేం లేదు, నువ్వు ఎక్కడ ఆగావో ఆయనకి తెలీదు కదా. 'మూడో స్టెప్పు దాకా వచ్చాను సార్, ఇక్కడ మైనస్ ఎందుకొచ్చిందో తెలీలేదు' అను, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక సబ్జెక్టుల సంగతి. మీ జిల్లా విషయమే తీసుకుందాం. అనంతపురంలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు అని చదువుకుని ఉంటావు. రాస్తే ఒక మార్కు వస్తుంది, అక్కడితో వదిలేస్తాం. ఇప్పుడు మీ ఇంట్లోనో వీధిలోనో సేద్యం చేసే పెద్దాయన్ని అడుగు, వాన లెక్క సరిపోయిన ఏడాది కూడా శెనక్కాయ ఎందుకు పోతుంది అని. ఆయన సగటు మాట ఎత్తడు, బెట్ట గురించి, అంటే వానకీ వానకీ మధ్య వచ్చే ఎండు రోజుల గురించి చెప్తాడు. జూన్ జులైలో పదునైతే విత్తనం పడుతుంది, పూతొచ్చి ఊడలు (పూత నుంచి మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే టైముకి మూడు నాలుగు వారాలు చినుకు లేదనుకో, నేల గట్టిపడి ఊడలు లోపలికి దిగవు, దిగినవాటికి కూడా గింజ సరిగా ఊరదు. ఆ తర్వాత సెప్టెంబర్లో నాలుగు రోజులు కుండపోతగా కురిసిందంటే కాగితం మీద 550 నిండిపోతుంది, చేన్లో మాత్రం చెట్టు పీకితే రెండే కాయలు.

చూడు, ఒక్క ప్రశ్న ఎన్ని పీరియడ్లు తిరిగిందో. ఒక ఏడు 350, ఇంకో ఏడు 750 పడినా సగటు 550 యే కదా, మరి సగటు మనకి ఏం చెప్తోంది, ఏం చెప్పట్లేదు? ఇది లెక్కల ప్రశ్న. పూత పైన పూసి కాయ మాత్రం మట్టిలో ఎందుకు కాస్తుంది, అది బయాలజీ. అసలు ఇక్కడ వాన ఎందుకు తక్కువ అంటే, నైరుతి గాలులు తెచ్చే మేఘాలు పడమటి కనుమలకి అటువైపే చాలా మటుకు కురిసేస్తాయి, మనం వర్షచ్ఛాయలో ఉన్నాం, ఈశాన్య రుతుపవనాలేమో బంగాళాఖాతం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడిపోతాయి, ఇది జాగ్రఫీ. పరీక్షలో తిప్పి ఇచ్చిన ప్రశ్న అంటే దాదాపు ఇట్లాంటిదే, ఒక పాఠంలోది ఇంకో పాఠానికి తగిలించి అడుగుతారు.

అయితే జవాబు సరైందని ఎట్లా ఒప్పుకోవాలి అన్నది మాత్రం సబ్జెక్టుని బట్టి మారుతుంది, నువ్వు అడిగినదాంట్లో అసలు విషయం ఇదే. త్రిభుజం మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలు అని వంద త్రిభుజాలు కొలిచి చూపించినా లెక్కల సార్ ఒప్పుకోరు, రుజువు కావాలి. సైన్సులో కొలవాలి, మళ్లీ మళ్లీ కొలిచి చూడాలి. చరిత్రలో రెండూ కుదరవు, జరిగిపోయిందాన్ని మళ్లీ జరిపి చూడలేం, ఆధారం కావాలి. కడప జిల్లా కలమళ్ల శాసనం ఉంది కదా, రేనాటి చోళరాజు ధనంజయుడి పేరున్నది, తెలుగులో దొరికిన తొలి శాసనంగా సుమారు 575 నాటిదని చదువుతాం. ఆ 575 రాయి మీద లేదమ్మా! అక్షరాల రూపం ఎట్లా ఉంది, తేదీ తెలిసిన మిగతా శాసనాల్లో అక్షరాలు ఎట్లా ఉన్నాయి అని పోల్చి పండితులు కట్టిన అంచనా అది. 'సార్, ఈ సంవత్సరం ఎట్లా తెలిసింది' అని క్లాసులో ఒక్కరు అడిగితే చాలు, ఆ పీరియడంతా వేరేగా నడుస్తుంది, చెప్పే సార్ కి కూడా హుషారొస్తుంది.

కాబట్టి ఏ సబ్జెక్టైనా మొదట 'ఇది ఎట్లా తెలిసింది' అని అడుగు, తర్వాత 'దేంతో పోలిస్తే' అని అడుగు, ఇంకా ఓపిక ఉంటే 'ఇది నిజం కాకపోతే ఏం తేడాగా కనిపించాలి' అని అడుగు. మూడోది కష్టం, పెద్దవాళ్లకి కూడా తొందరగా రాదు. రోజుకి ఒక్కటి రాసుకున్నా చాలు.

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. దేనికైనా ఎందుకు ఎందుకు అంటాడు. క్లాసులో ఎదురు ప్రశ్నలు వేస్తున్నాడని స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. మొన్న గండికోటకి తీసుకుపోతే, ఈ లోయ పెన్నా నది కోసింది నాన్నా అని చెప్పా, 'ఇంత తక్కువ నీళ్లు ఇంత రాయిని ఎట్లా కోసినాయి' అని అడిగాడు. నాకు జవాబు తెలీక కసిరాను. వాడిని ఎట్లా అదుపు చేయాలి?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: అదుపు చేయొద్దండీ, దయచేసి. ఎనిమిదేళ్లకే చెప్పినదాన్ని కంటికి కనిపించేదాంతో సరిచూసుకుంటున్నాడు, మీరు చెప్పిన మాటకీ వాడు చూసిన నీళ్లకీ పొంతన కుదరలేదు, అందుకే అడిగాడు. పెద్ద చదువులు చదివినవాళ్లలో కూడా ఈ అలవాటు అరుదు. జవాబులో కష్టం కూడా లేదు, రాయిని అరగదీసేది ఉత్త నీళ్లు కాదు, వరదలో కొట్టుకొచ్చే ఇసక, గులకరాళ్లు, అదీ ఒకటి రెండు తరాల్లో కాదు, లక్షల ఏళ్లు. మళ్లీ అడిగితే వెంటనే చెప్పేయకండి, 'నీకేమనిపిస్తుంది, ఎందుకనిపిస్తుంది' అని తిరిగి అడగండి, మీకు తెలీకపోతే తెలీదు, ఇద్దరం కనుక్కుందాం అనండి. స్కూల్ విషయానికొస్తే ఆ టీచర్ గారికీ నలభై మందితో సిలబస్ అవ్వాలి, ఆమె ఇబ్బంది నిజమే. వాడికి ఒక చిన్న నోట్ బుక్ ఇచ్చి, క్లాసు మధ్యలో తట్టినవి అందులో రాసి చివర్లో ఒకటి అడగమనండి, ఏది అడగాలో ఎంచుకోవడం కూడా వాడికి వస్తుంది. టీచర్ గారితో ఈ మాట మీరే వెళ్లి చెప్తే ఇంకా మంచిది.

ప్రశ్న: యాగంటి నంది ఇరవై ఏళ్లకి ఒక అంగుళం పెరుగుతోందని మా ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. నిజమా అని అడిగితే నాస్తికుడివా అన్నారు. అడగడం తప్పా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: తప్పు కాదు బాబూ. బసవన్నకి దండం పెట్టడానికి ఆయన పెరగాల్సిన పని లేదు, కొలత అడగడం వల్ల భక్తికి వచ్చే లోటూ లేదు. అంగుళం అన్నారంటే అది కొలత, కొలతని కొలతగానే అడగాలి: ఎవరు కొలిచారు, నేల మీద నుంచా పీఠం మీద నుంచా, రెండోసారి అదే చోట కొలిచారా? గ్రూపులో గొడవ పడకుండా ఒక పని చెయ్యి. మీ ఇంట్లోనో చుట్టాలింట్లోనో పాత యాగంటి ఫొటో ఉంటుంది, నందీ పక్కన మండపం స్తంభమూ రెండూ పడినది చూడు. స్తంభం పెరగదు కాబట్టి నంది మూపురం స్తంభం మీద ఏ చెక్కడానికి ఎదురుగా ఉందో గుర్తుపెట్టుకుని, ఈసారి వెళ్లినప్పుడు అదే చోట నిలబడి, అదే ఎత్తు నుంచి ఫొటో తీసి రెండూ పక్కపక్కన పెట్టు. అరవై ఏళ్ల నాటి ఫొటో దొరికితే మెసేజ్ లెక్క ప్రకారం మూడు అంగుళాల తేడా రావాలి, అంటే ఇంచుమించు ఏడున్నర సెంటీమీటర్లు, ఫొటో స్పష్టంగా ఉంటే తెలిసిపోతుంది. కెమెరా కొంచెం పక్కకి జరిగినా లేని తేడా కనిపిస్తుంది, కాబట్టి ఒక్క ఫొటోతో తేల్చేయకు, రెండు మూడు పాతవి సంపాదించు. ఏం తేలినా అవే ఫొటోలు గ్రూపులో పెట్టు, మాకూ పంపించు.