స్టెరాయిడ్లు వాడుతున్నా కండ పెరగడం ఎందుకు ఆగిపోతుంది?

విజయనగరంలో జిమ్‌కెళ్లే కుర్రాడు మూడు నెలలుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నాడు. బరువు 78 కిలోల దగ్గర ఆగిపోయింది, డోసు పెంచాలా అన్నది ప్రశ్న. పెంచొద్దు.

మొదట్లో పెరిగినదంతా కండ కాదు. అందులో నీరు, గ్లైకోజెన్ (కండలో నిల్వ ఉండే పిండిపదార్థం) కూడా ఉంటాయి. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టండి. గుంట పడి అలాగే నిలిస్తే అది నీటి వాపు. నీరు చేరడం ఆగగానే కాటా ముల్లూ ఆగుతుంది.

అసలు సంగతి వేరే. మందు వల్ల కండలో ప్రోటీన్ తయారీ పెరుగుతుంది, కొన్నాళ్లకు కండ ప్రోటీన్ కరిగిపోయే వేగం దాన్ని అందుకుంటుంది. పెరిగిన కండను నిలబెట్టడానికే తిండి సరిపోతుంది. 78 కిలోల మనిషికి, కిలోకి 1.6 గ్రాముల లెక్కన, రోజుకు 125 గ్రాముల ప్రోటీన్ కావాలి. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. రెండు పూటలా అన్నం, పప్పు, రెండు గుడ్లు తింటే సగానికి చేరడమే కష్టం. ఎత్తే బరువులు కూడా నెలల తరబడి అవే అయితే కండకు పెరిగే పనే లేదు. ఇక చేతులు మారి వచ్చిన సీసాలో ఏముందో లేబుల్ చెప్పదు.

డోసు పెంచితే రక్తం చిక్కబడుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 54 శాతం దాటితే రక్తం గడ్డలు కట్టే ప్రమాదం. ఒంట్లో సొంతంగా జరిగే టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) తయారీ ఇప్పటికే అణిగిపోయి ఉంటుంది కాబట్టి మానేటప్పుడు నీరసం, దిగులు వస్తాయి. విశాఖ వెళ్లాల్సి వచ్చినా సరే, ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) వాడినవన్నీ దాచకుండా చెప్పి, ఆయన చూపులోనే మానండి.