60 లక్షల కారు 19 లక్షలకు వచ్చింది, షాకుల ధర మాత్రం తగ్గలేదు

ప్రశ్న: మాది పలాస. చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ నడుపుతున్నాను. వయసు 36. భార్య, ఆరేళ్ల పాప ఉన్నారు. రెండేళ్ల కిందట 2016 మోడల్ ఆడి టీటీని హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో 19 లక్షలకు కొన్నాను. పాత యజమాని కంపెనీ షాకులు (షాక్ అబ్జార్బర్లు) తీసేసి, ఎత్తు మార్చుకునే రకం షాకులు, అంటే కాయిలోవర్లు వేయించాడు. ఇప్పుడు వెనక రెండింటి నుంచీ ఆయిల్ కారుతోంది. హైవే మీద కారు తేలుతున్నట్టు ఉంటోంది. కొత్త సెట్‌కు 2025 ఆగస్టులో 2,56,000 కొటేషన్ ఇచ్చారు. పాతవి రీబిల్డ్ చేయిస్తే నాలుగింటికీ 88,000 అంటున్నారు. నాకు 4 లక్షల ఎఫ్‌డీ, సేవింగ్స్‌లో 70,000 ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 60,000, పాప కోసం సిప్ 15,000. ఇవన్నీ పోను నెలకు 18,000 మిగులుతుంది. డబ్బు ఫ్యాక్టరీ క్యాష్ క్రెడిట్ (సీసీ) ఖాతాలోంచి తీయనా, 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకోనా, ఎఫ్‌డీ విరవనా?

జవాబు: ముందు డబ్బు కాని మాట ఒకటి. షాకులు పోయిన కారులో 80 దాటి వెళ్లకండి. అసలు మరమ్మతు అయ్యేదాకా హైవే ఎక్కించకండి. షాక్ పని కుదుపు ఆపడం ఒక్కటే కాదు, టైరును రోడ్డుకు అంటిపెట్టుకుని ఉంచేది కూడా అదే. టైరు ఎగిరెగిరి పడుతుంటే బ్రేకు ఎంత మంచిదైనా కారు ఆగాల్సిన చోట ఆగదు. నేనే ఒకప్పుడు నా పాత కారు వెనక షాక్ కారుతోందని తెలిసి కూడా ఆరు నెలలు తోలాను. రెండు టైర్లూ మెట్లుమెట్లుగా అరిగిపోయాయి. షాకులతో పోయేదానికి టైర్ల ఖర్చు కూడా తోడైంది. అదృష్టం కొద్దీ ఖర్చుతోనే పోయింది.

ఇక డబ్బు సంగతి. మీరు కొన్నది 19 లక్షల కారు కాదు. 2015లో ఈ మోడల్ మన దేశంలోకి వచ్చినప్పుడు షోరూమ్ ధరే 60 లక్షల పైమాట. పాతబడే కొద్దీ కారు విలువ పడిపోతుంది. దాని టైరు, బ్రేకు, గేర్‌బాక్స్ ఆయిల్ ధరలు మాత్రం 60 లక్షల కారు ధరల్లాగే ఉంటాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు అన్నది సరిగ్గా ఇలాంటి దాని గురించే. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది షాకుల ధర కాదు. రెండేళ్లు ఈ కారు తోలుతూ దాని దాణా కోసం నెలనెలా ఒక్క రూపాయి కూడా విడిగా పెట్టలేదు మీరు. అందుకే ఈ ఖర్చు పిడుగులా పడింది.

సీసీ ఖాతా జోలికి వెళ్లకండి. ఆ డబ్బు మీది కాదు, గోదాములో ఉన్న సరుకు మీద బ్యాంకు ఇచ్చిన పరిమితి. వేసవిలో ఉద్దానం జీడి పిక్కలు దిగే సమయానికి ఆ పరిమితి మొత్తం ఖాళీగా ఉండాలి. 80 కిలోల బస్తా 12,500 అనుకుంటే, రెండున్నర లక్షలంటే 20 బస్తాల పిక్కలు. సీజన్‌లో చేతిలో డబ్బు లేక ఆ 20 బస్తాలు వదులుకుంటే, తర్వాత ఆఫ్రికా పిక్కల మీదో, ఎక్కువ ధర చెప్పే వ్యాపారి మీదో ఆధారపడాలి. ఆ నష్టం వడ్డీ లెక్కలో కనబడదు. పైగా సొంత కారుకు వాడిన డబ్బు మీద వడ్డీని వ్యాపార ఖర్చుగా చూపడానికి లేదు. బిల్లు ఫ్యాక్టరీ పేరున రాయించుకుని జీఎస్టీ క్రెడిట్ వేసుకోమని ఎవరైనా చెబితే అస్సలు వినకండి. ఇలాంటి కారు మరమ్మతుకు ఆ క్రెడిట్ రాదు. తర్వాత నోటీసు వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

ఎఫ్‌డీ కూడా వద్దు. నెలకు 60,000 ఖర్చున్న ఇంటికి ఆరు నెలలకు 3,60,000 కావాలి. మీ 4 లక్షలు దానికి సరిపోతాయి, అంతకు మించి పెద్దగా లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మీ దగ్గరే తీరం దాటింది. జీడి తోటలు, కొబ్బరి తోటలు కూలిపోయాయి, ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రోజులు పలాసలో ఉన్న మీకు నేను గుర్తుచేయనక్కర్లేదు. ఆ 4 లక్షలు అలాంటి రోజు కోసమే. షాకుల కోసం దాన్ని విరిస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

పర్సనల్ లోన్ లెక్క చూద్దాం. కొత్త సెట్‌కు పన్ను తగ్గింది, ఆ సంగతి కింద చెబుతాను. బిగింపు, అలైన్‌మెంట్‌తో కలిపి రెండున్నర లక్షలు తీసుకుంటే 14 శాతం మీద రెండేళ్లకు ఈఎంఐ సుమారు 12,000. మొత్తం వడ్డీ 38,000. మీకు మిగిలే 18,000లో మూడింట రెండు వంతులు రెండేళ్లపాటు షాకులకే పోతాయి. ఆ మధ్యలో టైర్లు మార్చాల్సి వస్తే మళ్లీ అప్పే.

అన్నట్టు, మీ కొటేషన్ తేదీ చూశారా? కారు విడిభాగాలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతం అయింది. మీ 2,56,000లో అసలు ధర 2,00,000, పన్ను 56,000. అదే ధరకు ఇప్పుడైతే 2,36,000 రావాలి. మీరు కొత్త సెట్టే కొనాలనుకున్నా ఆ పాత కాగితం మీద డబ్బు కట్టకండి.

కానీ నా సలహా రీబిల్డే. కాయిలోవర్ అంటే స్ప్రింగు, దాని మధ్యలో షాకు, ఎత్తు సరిచేసే మరల కాలరు. వీటిలో ముందుగా పోయేవి లోపలి సీళ్లు, ఆయిలు. స్ప్రింగు, బయటి గొట్టం బాగుంటే మొత్తం పారేయడం దండగ. రీబిల్డ్‌లో విప్పి కడిగి, సీళ్లు మార్చి, కొత్త ఆయిల్ పోసి, గ్యాస్ రకమైతే మళ్లీ నైట్రోజన్ నింపుతారు. అడగాల్సినవి మూడే. షాకులో పైకీ కిందికీ ఆడే కడ్డీ మీద గుంటలు పడితే మార్చడానికి అదనంగా ఎంత? పని అయ్యాక నాలుగింటినీ యంత్రం మీద పరీక్షించి, ఎలా పనిచేస్తున్నాయో చూపే గ్రాఫ్ ఇస్తారా? వారంటీ ఎన్ని నెలలు? గ్రాఫ్ ఇవ్వలేని చోట చేయించకండి. నైట్రోజన్ ఎక్కువ ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి ఊళ్లో ఎంత తెలిసిన మెకానిక్ అయినా దాన్ని విప్పనివ్వకండి, ప్రాణం మీదికి వస్తుంది. కారుతున్నవి రెండే అయినా నాలుగూ ఒకేసారి చేయించండి. ముందు మెత్తగా, వెనక గట్టిగా ఉంటే వంపుల్లో కారు నడక మారిపోతుంది. మీ ఊరికి సముద్రం దగ్గర, ఉప్పుగాలికి కాలర్ల మరలు బిగుసుకుపోయి ఉండొచ్చు. అవి వదులయ్యాకే ధర ఖాయం చేసుకోండి.

పాత యజమానిని కూడా ఒకసారి అడగండి, కంపెనీ షాకులు, స్ప్రింగులు తన దగ్గర ఉంచుకున్నాడేమో. ఉండి, బాగుంటే అన్నింటికన్నా చౌక అదే. కాశీబుగ్గ వీధుల్లో స్పీడ్ బ్రేకర్లకు కింద తగలని ఎత్తు వస్తుంది, రేపు అమ్మేటప్పుడు కొనేవాడికి అనుమానం ఉండదు. కాయిలోవర్లే ఉంచుకుంటే ఆ మార్పు సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. చెప్పకుండా ఉంటే పెద్ద క్లెయిమ్ అప్పుడు పేచీ అక్కడే మొదలవుతుంది. ఈ మరమ్మతుకు మాత్రం బీమా రాదు. జీరో డిప్రిసియేషన్ ఉన్నా అరుగుదలను వాళ్లు కట్టరు.

రీబిల్డ్ 88,000, విప్పి బిగించడం, రవాణా, అలైన్‌మెంట్‌కు ఇంకో 17,000 వేసుకుంటే 1,05,000. సేవింగ్స్‌లో 70,000 ఉన్నాయి. మిగతా 35,000 రెండు నెలల మిగులుతో వస్తుంది. అప్పు లేదు, ఎఫ్‌డీ కదలదు, సిప్ ఆగదు. ఆ రెండు నెలలూ కారు షెడ్డులోనే ఉండాలి. కష్టమే, కారంటే మీకు ఎంత ఇష్టమో ఉత్తరంలోనే తెలుస్తోంది. అయినా ఆపండి.

తర్వాత నెలకు 10,000 రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ) మొదలుపెట్టండి, ఈ కారు పేరు మీదే. ఏడాదికి 1,20,000. ఏడాదికి 6,000 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలు కాకుండానే కిలోమీటరుకు 20 రూపాయలు. ఈ అంకె మీ శ్రీమతికి కూడా చూపించండి, ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఇద్దరికీ సమ్మతమైతే ఆనందంగా కారు ఉంచుకోండి. ఒక గీత మాత్రం గీసుకోమంటాను. పాప కోసం మీరు కట్టే సిప్ ఏడాదికి 1,80,000. ఏ సంవత్సరమైనా కారు మరమ్మతులు దాన్ని దాటితే, ఆ ఏడాదే అమ్మకానికి పెట్టండి.

షాకులు పంపే ముందు నాలుగింటికీ ఫోటోలు తీసి, మీద ఉన్న సీరియల్ నంబర్లు రాసి పెట్టుకోండి. తిరిగి వచ్చినవి మీవేనని చూసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి.