అటక మీద దయ్యాల పుస్తకాలు

ప్రశ్న: అమ్మా, మాది పర్లాకిమిడి. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు మా నాలుగేళ్ల పాపకు, అక్కడి దయ్యాల వేషాల పండుగ హాలోవీన్ బొమ్మల పుస్తకాలు పంపింది. వాటిని చూడాలని పాపకు ఒకటే ఆరాటం. రాత్రయితే మాత్రం లైటు ఆర్పనివ్వదు. ‘దయ్యాలను ఇంట్లోకి తెచ్చిపెట్టుకుంటారా’ అని మా అత్తగారు వాటిని అటక ఎక్కించేశారు. దించమంటారా?
– ఒక తల్లి

జవాబు: దించండమ్మా. అన్నీ ఒకేసారి వద్దు, పడుకునే ముందు అసలే వద్దు. పగటిపూట, ఒళ్లో కూర్చోబెట్టుకుని చదవండి.

ఎడ్ ఎంబర్లీ 1992లో వేసిన ‘గో అవే, బిగ్ గ్రీన్ మాన్‌స్టర్’ వాటిలో ఉందేమో చూడండి. లేకపోతే అది తెప్పించండి. దాని పేజీలకు కన్నాలుంటాయి. తిప్పేకొద్దీ పసుపు కళ్లు, ముక్కు, ఎర్రటి నోట్లో తెల్లటి పళ్లు వచ్చి చేరి, ఆకుపచ్చ మొహం తయారవుతుంది. అక్కడి నుంచి ఒక్కొక్కదాన్నీ పొమ్మంటూ పేజీ తిప్పడమే. ఇక్కడ బరంపురంలో మా మనవరాలికి తెలుగులో చెబుతూ చూపించాను. ‘జుట్టూ, పో! ముక్కూ, పో!’ అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. కళ్లు కూడా పోయాక ఒక్క క్షణం ఊరుకుని, ‘మళ్లీ రమ్మను’ అంది. భూతం తను రమ్మంటే వస్తుంది, పొమ్మంటే పోతుంది! పిల్లకు కావలసిన ధైర్యం ఇదేనని నాకు ఆ రోజు అర్థమైంది.

రెండోది లిండా విలియమ్స్ 1986లో రాసిన ధైర్యంగల ముసలమ్మ కథ. చీకట్లో ఇంటికి పోతున్న అవ్వ వెంట బూట్లు, ప్యాంటు, చొక్కా, చేతి తొడుగులు, టోపీ, చివరకు గుమ్మడికాయ తల పడతాయి. చప్పుళ్లన్నీ తెలుగులోకి మార్చేయండి: బూట్లు ధబ్‌ధబ్, చొక్కా రెపరెప. ఆఖరికి అవన్నీ కలిసి కాకులను తోలే దిష్టిబొమ్మగా నిలబడతాయి. మన పొలాల్లో చూసిన బొమ్మే కదా, పాప ఇట్టే గుర్తుపడుతుంది.

మిగతావాటిలో ముందు చివరి పేజీ మీరు చూడండి. అక్కడ దయ్యం నవ్వులాటగానో నేస్తంగానో మారకపోతే ఆ పుస్తకం ఇంకో రెండేళ్లు అటక మీదే ఉండనివ్వండి. లైటు ఆర్పమని మాత్రం బలవంతపెట్టకండి.

అత్తగారి మాట కొట్టిపారేయవద్దు. అక్టోబరు 31 హాలోవీన్, మర్నాడు పోయిన పుణ్యాత్ములను క్రైస్తవులు తలుచుకునే సర్వ పునీతుల పండుగ. మీ ఒడియా ఇరుగుపొరుగులు దీపావళి సాయంత్రం జనపకట్టెలు వెలిగించి, చీకట్లో వచ్చి వెలుగులో వెళ్లమని పితృదేవతలను పిలవడం ఆవిడ ఏటా చూసే ఉంటారు. 2024లో హాలోవీన్, దీపావళి ఒకే రోజున వచ్చాయి. గుమ్మానికి కట్టే దిష్టి గుమ్మడికాయకు మనమూ కళ్లూ కోరలూ గీస్తాం. ఆ గుమ్మడికాయ సంగతి పాపకు చెప్పమని ఆవిడనే అడగండి. అవ్వ కథలో గుమ్మడికాయ తల ‘బూ’ అనేచోట గొంతు కూడా ఆవిడదే కానివ్వండి.