ఓడని జట్టు, ఓడించలేని జట్టు

సందేహం: పోర్చుగల్ ఫుట్‌బాల్ లీగ్ మీద తెలుగులో వచ్చిన ఒక వ్యాసంలో "2012–13 సీజన్‌లో పోర్టో 30 మ్యాచ్‌ల్లోనూ అజేయంగా నిలిచి టైటిల్ గెలిచింది" అని చదివాను. పక్కనే ఉన్న పట్టికలో ఆ జట్టు గెలిచినవి 24, డ్రా అయినవి 6 అని ఉంది. ఆరు మ్యాచ్‌లు గెలవని జట్టును అజేయం అనవచ్చా? అదే వ్యాసంలో "ఒకే ఒక్క ఓటమితో బెన్ఫికా టైటిల్ కోల్పోయింది" అని కూడా రాశారు. చేతిలో లేనిదాన్ని ఎలా కోల్పోతారు?

సమాధానం: అజేయం అనవచ్చు. డ్రాలు దానికి అడ్డు కావు. అయితే ఆ మాట దగ్గర ఆగి ఆలోచించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. అది తెలియాలంటే ఆ సీజన్ ఎలా నడిచిందో కూడా చూడాలి.

అజేయం అనగానే అందులో 'జయం' వినిపిస్తుంది కాబట్టి, జయం లేనిది అనే అనుమానం వస్తుంది. జయం లేకపోవడం అజయం. అజేయం వేరు. 'జి' ధాతువుకు గెలవడం అని అర్థం. తాగదగినది పేయం, పాడదగినది గేయం, తెలుసుకోదగినది జ్ఞేయం అయినట్టే గెలవదగినది జేయం. ఇక్కడ గెలిచేది ఎదుటివాడు. అంటే అజేయమైన జట్టు తాను గెలవనిది కాదు, ఇతరుల చేత గెలవబడనిది. 2013 జనవరి 13న లిస్బన్‌లో బెన్ఫికా, పోర్టో 2–2తో డ్రా చేసుకున్నాయి. ఆ రోజు పోర్టో గెలవలేదు, పోర్టోను గెలిచినవాళ్లూ లేరు. మొత్తం ఆరు డ్రాల సంగతీ ఇంతే. కాబట్టి ఆ విశేషణానికి వచ్చిన లోటేమీ లేదు.

ఇక అసలు విషయం. 'గెలవబడనిది' అనే మాటలో రెండు అర్థాలు కలిసిపోయి ఉన్నాయి: ఇంతవరకు ఎవరూ గెలవనిది ఒకటి, ఎవరికీ గెలవడం సాధ్యం కానిది మరొకటి. మొదటిది జరిగిన సంగతి, రెండోది శక్తికి సంబంధించిన మాట. సంస్కృతం ఈ రెంటినీ వేరుగా ఉంచింది. ఇంతవరకు ఓడనిది అజితం, అపరాజితం. ఓడించడానికి వీలుకానిది అజయ్యం. 'క్షయ్యజయ్యౌ శక్యార్థే' అని పాణిని ఒక సూత్రమే చేశాడు. గెలవడానికి వీలైనది అనే అర్థంలో 'జయ్యం' అనే రూపం రావాలి, గెలవదగినది అనే అర్థంలో 'జేయం' ఉండాలి అని దాని సారాంశం. రెండోదానికి వ్యాకరణంలో ఇచ్చే ఉదాహరణ 'జేయం మనః'. మనసును గెలవాలి, అది గెలవదగినది. గెలవగలమా లేదా అన్నది వేరే ప్రశ్న. ఇంత చిన్న ఉదాహరణలో ఇంత స్పష్టత ఉండడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

తెలుగులో అజయ్యం నిలవలేదు. ఆ పని కూడా అజేయానికే అప్పగించాం. దాన్ని తప్పనడం నాకు ఇష్టం లేదు, వాడుకలో స్థిరపడిన మాటను వెనక్కి తిప్పలేం. కానీ ఒకే మాట రెండు పనులు చేస్తున్నప్పుడు ఎక్కడ ఏ అర్థంలో వాడుతున్నామో రాసేవారికి తెలిసి ఉండాలి.

ఆ సీజన్‌లో ఏం జరిగిందో చూడండి. లీగ్‌లో 16 జట్లు, ఒక్కోదానికి 30 మ్యాచ్‌లు, గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటి. 28 మ్యాచ్‌లు అయ్యేసరికి బెన్ఫికా కూడా ఒక్కటీ ఓడలేదు! పైగా పట్టికలో పోర్టో కంటే ముందుంది. మే 6న సొంత మైదానంలో ఎస్టోరిల్‌తో 1–1 డ్రా కావడంతో ఆధిక్యం రెండు పాయింట్లకు తగ్గింది. మే 11న పోర్టో నగరంలో, డ్రాగావ్ స్టేడియంలో ఈ రెండు జట్లూ తలపడ్డాయి. లీమా గోల్‌తో బెన్ఫికాయే ముందంజ వేసింది. కాసేపటికి బెన్ఫికా ఆటగాడే అయిన మాక్సి పెరేరా సెల్ఫ్ గోల్‌తో స్కోరు సమమైంది. అలా డ్రాగా ముగిసినా బెన్ఫికాకు చాలు. కానీ ఇంజురీ టైమ్ (90 నిమిషాల తర్వాత కలిపే సమయం) రెండో నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన 19 ఏళ్ల బ్రెజిల్ కుర్రాడు కెల్విన్ గోల్ కొట్టాడు. పోర్టో 2–1తో గెలిచింది. బెన్ఫికా కోచ్ జోర్జ్ జెజూస్ టచ్‌లైన్ దగ్గర మోకాళ్ల మీద కూలిపోయాడు. చివరి మ్యాచ్ రెండు జట్లూ గెలిచాయి. పోర్టోకు 78 పాయింట్లు, బెన్ఫికాకు 77.

ఇప్పుడు మే 10న కూర్చుని రాస్తున్నామనుకోండి. "అజేయ బెన్ఫికా రేపు పోర్టోతో ఆడుతుంది" అని రాస్తే పాఠకుడు ఏమనుకోవాలి? ఇంతవరకు ఓడలేదనా, ఓడించడం ఎవరి తరమూ కాదనా? మొదటిది నిజం. రెండోది నిజం కాదని మర్నాటికే తేలిపోయింది. అందుకే సీజన్ నడుస్తుండగా 'ఇంతవరకు ఓడని' అనో, 'ఓటమి ఎరుగని' అనో రాయడం మేలు. సీజన్ ముగిశాక "పోర్టో అజేయంగా నిలిచింది" అంటే ఇబ్బంది లేదు. అక్కడ 'నిలిచింది' అనే క్రియ సంగతి ముగిసిందని చెప్పేస్తోంది కాబట్టి శక్తి అనే అర్థం రాదు. మీరు చదివిన వాక్యం ఆ విధంగా సరైనదే.

ఇంకో చిన్న లెక్క కూడా వేసి చూశాను. కెల్విన్ గోల్ పడకపోయి ఉంటే, మిగతావన్నీ అలాగే జరిగి ఉంటే, బెన్ఫికాకు 78, పోర్టోకు 76 వచ్చేవి. రెండు జట్లూ సీజన్ మొత్తం ఓడకుండా ముగించేవి, పోర్టో రెండో స్థానంలో ఉండేది. ఇది ఊహే గాని, దీనికి దగ్గరి సంఘటన అదే లీగ్‌లో నిజంగా జరిగింది. 1977–78లో బెన్ఫికా 30 మ్యాచ్‌ల్లో 21 గెలిచి 9 డ్రా చేసుకుంది, ఒక్కటీ ఓడలేదు. పోర్టో 22 గెలిచి, 7 డ్రా చేసుకుని, ఒకటి ఓడింది. అప్పట్లో గెలుపుకు రెండే పాయింట్లు కావడంతో ఇద్దరికీ 51 వచ్చాయి. గోల్స్ తేడాలో ముందున్న పోర్టో ఛాంపియన్ అయింది. ఓడని జట్టు రెండో స్థానంలో, ఓడిన జట్టు మొదటి స్థానంలో! అపరాజితకూ విజేతకూ మధ్య ఉన్న దూరం ఇది. 'అజేయం' అని రాసి 'టైటిల్ గెలిచింది' అని విడిగా చెప్పనక్కర్లేదని అనుకునేవారికి ఈ సీజన్ చూపించాలి. మీరు ఉదహరించిన రచయిత రెండూ చెప్పారు, మంచి పని చేశారు.

పోర్చుగీసులోనూ ఈ తేడా ఉంది. ఓడనివాడు 'ఇన్విక్తో', ఓడించలేనివాడు 'ఇన్వెన్సీవెల్'. పోర్టో నగరానికి 'ఇన్విక్తా' అనే బిరుదు కూడా ఉంది. 1832–33లో రాజ్యాధికారం కోసం అన్నదమ్ములు పెద్రో, మిగెల్ పోరాడినప్పుడు ఈ నగరం ఏడాదికి పైగా ముట్టడిని తట్టుకుని లొంగలేదు. అందుకు రాణి రెండవ మరియా ఇచ్చిన గౌరవం అది. జరిగిన సంగతికి ఇచ్చిన బిరుదు కాబట్టి దాన్ని తెలుగులో 'అపరాజిత నగరం' అంటేనే సరిగ్గా ఉంటుంది.

అపరాజిత మనకు పరాయి మాట కాదు. శంఖుపుష్పానికి ఆ పేరుంది, విజయదశమినాడు అపరాజితా దేవిని పూజిస్తాం. ఆటల వార్తల్లో అది కొంచెం బరువుగా ఉంటుందంటే ఒప్పుకుంటాను. అప్పుడు అచ్చతెలుగు మాట ఉండనే ఉంది. కానీ 'ఓడని జట్టు' అనే దానిలోనూ ఒక చిక్కు ఉంది. మన వ్యతిరేక విశేషణాలకు కాలం ఉండదు. 'రాని మనిషి' అంటే నిన్న రానివాడు కావచ్చు, రేపు రాబోనివాడు కావచ్చు, ఎప్పుడూ రానివాడు కావచ్చు. అందువల్ల 'ఓడని' పక్కన 'ఇంతవరకు', 'ఆ సీజన్‌లో' వంటి మాట ఒకటి ఉండాలి. 'సీజన్ మొత్తం ఒక్కటీ ఓడకుండా' అంటే ఇంకా హాయిగా ఉంటుంది, ఏ అనుమానానికీ చోటుండదు.

క్రికెట్ వార్తలు చదివేవారికి ఇంకో తికమక కూడా వస్తుంది. అక్కడ 'అజేయ శతకం', 'అజేయంగా 78' అంటే బ్యాటర్ నాటౌట్ అని. జట్టు ఓడినా అతను అజేయుడే. ఆ అర్థం క్రికెట్‌కే పరిమితం. ఫుట్‌బాల్‌లో ఒక్క ఆటగాణ్ణి అజేయుడు అంటే అర్థం కాదు, జట్టుకే వాడాలి.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ మీ అభ్యంతరం న్యాయమైనదే. కోల్పోవడానికి ముందు ఆ వస్తువు మనదై ఉండాలి. 2011–12 టైటిల్ పోర్టోది. అంతకుముందు బెన్ఫికా చివరిసారి ఛాంపియన్ అయింది 2009–10లో. కాబట్టి 2013లో టైటిల్ కోల్పోయే అవకాశం పోర్టోకే ఉంది, అది నిలబెట్టుకుంది. బెన్ఫికా కోల్పోయింది ఆధిక్యాన్ని, దానితోపాటు టైటిల్ గెలిచే అవకాశాన్ని. 'ఆధిక్యం కోల్పోయింది', 'అవకాశం కోల్పోయింది' నిక్కమైన వాక్యాలు. 'టైటిల్ చేజారింది' కూడా ఫరవాలేదు. రెండు మ్యాచ్‌లు మిగిలి ఉండగా రెండు పాయింట్ల ముందున్న జట్టుకు టైటిల్ దాదాపు చేతికి వచ్చినట్టే కదా. 'చేజార్చుకుంది' అంటే మాత్రం తప్పు బెన్ఫికాదే అని తీర్పు చెప్పినట్టవుతుంది. ఎస్టోరిల్‌తో డ్రా గురించి రాసేటప్పుడు అది కుదురుతుంది. 92వ నిమిషంలో కెల్విన్ కొట్టిన షాట్ విషయంలో 'చేజారింది' అనే రాస్తాను.