పుస్తకం ముందే పూర్తిచేసిన పిల్లను పై తరగతికి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. గణితం పుస్తకంలోని లెక్కలన్నీ దసరా సెలవులలోపే చేసేసింది. క్లాసులో పరధ్యానంగా ఉంటోందని, స్టెప్పులు రాయకుండా జవాబు మాత్రమే వేస్తోందని డైరీలో రాసి పంపుతున్నారు. ఆమెను నేరుగా పై తరగతిలో వేయించాలా, లేక హైదరాబాదులో ఐఐటీ ఫౌండేషన్ హాస్టల్లో చేర్చాలా?

జవాబు: మీరు చెప్పిన రెండు దారులూ మీ అమ్మాయిని సిలబస్‌లో ముందుకు తీసుకువెళతాయి గానీ ఆమె విసుగును తీర్చలేవు. పై తరగతిలో కూర్చోబెడితే కొన్ని నెలల్లో ఆ పుస్తకమూ అయిపోతుంది. ఈలోగా స్నేహితులు దూరమవుతారు, గణితంలో ఉన్నంత చురుకుదనం లేని సబ్జెక్టులలో తడబడే ప్రమాదమూ ఉంది. ఫౌండేషన్ తరగతుల్లో ఎక్కువగా జరిగేది పై తరగతుల పాఠాలను ముందుగా చెప్పి, బిట్లు వేగంగా చేయించడమే. వేగం ఆమెకు ఇప్పటికే ఉంది. దానికోసం ఈ వయసు పిల్లను ఇంటికి దూరం చేయడాన్ని నేను సమర్థించలేను.

ఆగి ఆలోచించవలసిన లెక్క ఆమెకు ఇంతవరకు ఎదురై ఉండదు. ఈ ఆదివారం ఒకటి ఇచ్చి చూడండి. 15ను వరుస సంఖ్యల మొత్తంగా 7+8 అనీ, 4+5+6 అనీ, 1+2+3+4+5 అనీ రాయవచ్చు. ఇలా కనీసం రెండు వరుస సహజ సంఖ్యల మొత్తంగా రాయడానికి కుదరని సంఖ్యలేవో కనుక్కోమనండి. 1, 2, 4, 8, 16 అని ఆమె త్వరగానే పట్టేయవచ్చు. అప్పుడు, “1024 కూడా కుదరదని ప్రయత్నించి చూడకుండానే ఎలా చెప్పగలవు?” అని అడగండి. అక్కడికి వచ్చేసరికి జవాబు ఒక్కటే సరిపోదు, కారణాన్ని మాటల్లో పెట్టాలి. స్టెప్పులు ఎందుకు రాయాలో డైరీలోని మందలింపుల కంటే ఈ లెక్క ఆమెకు బాగా చెబుతుంది.

ఇటువంటి లెక్కలకు మన దేశంలో ఒక క్రమమైన దారి ఉంది. గణిత ఒలింపియాడ్ తొలి మెట్టయిన ఐఓక్యూఎం పరీక్షను ఎనిమిదో తరగతి నుంచే రాయవచ్చు. మూడు గంటల్లో 30 ప్రశ్నలు. ఇటీవలి సంవత్సరాల్లో సెప్టెంబరులో జరుగుతోంది కనుక మీకు తగినంత వ్యవధి ఉంది. తరువాతి మెట్టయిన ఆర్‌ఎంఓలో అదే మూడు గంటలకు ఆరే ప్రశ్నలు, ప్రతిదానికీ పూర్తి నిరూపణ రాయాలి. ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం వెబ్‌సైటులో పాత ప్రశ్నపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో వారానికి రెండు లెక్కలు చాలు. ఎంపిక కావాలనే ఒత్తిడి మాత్రం దయచేసి పెట్టవద్దు. ఆ పరీక్షలో నెగ్గేవారు కొద్దిమందే, కానీ దానికోసం అలవడిన ఆలోచన తరువాత ఇంజినీరింగుకు వెళ్లినా, భారతీయ గణాంక సంస్థలోనో చెన్నై గణిత సంస్థలోనో గణితమే చదువుకున్నా ఆమెకు ఉపయోగపడుతుంది.

ఇక బడి సంగతి. ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేయకుండా, ముందు లెక్కల టీచరును నేరుగా కలవండి. అరవై మంది ఉన్న సెక్షనులో ఒక్కరి కోసం పాఠం మార్చడం ఆయనకైనా ఆమెకైనా సాధ్యం కాదు, అది వారి తప్పూ కాదు. మీరు కోరవలసింది చిన్న అనుమతి మాత్రమే: క్లాసు పని స్టెప్పులతో సహా పూర్తిచేసి చూపించిన తరువాత, మిగిలిన సమయంలో తన వేరే నోటుపుస్తకం తీసి లెక్కలు చేసుకోనివ్వమని. ఆ నోటుపుస్తకాన్ని నెలకొకసారి టీచరుకు చూపిస్తామని కూడా చెప్పండి. ఇంత స్పష్టంగా అడిగితే చాలామంది ఉపాధ్యాయులు ఒప్పుకుంటారు.

ఇంట్లో చుట్టాల ముందు పిల్లచేత ఎక్కాలు, పెద్ద గుణకారాలు చేయించి చూపించడం ఉంటే మానేయండి. తనకు రాని లెక్క ఎదురైనప్పుడు తెలివి తగ్గిపోయిందని భయపడేది అలా పొగడ్తలకు అలవాటుపడ్డ పిల్లలే. ఆదివారం ఇచ్చిన లెక్క ఆమెకు తెగకపోతే, పక్కన కూర్చుని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పించుకోండి. జవాబు మీకు తెలిసినా చెప్పకుండా, బేసి భాజకాల వైపు ఒకసారి చూడమని మాత్రం అని, మరో వారం వదిలేయండి.