పాటల పెట్టె: ఐదేళ్ళు ఆగి నంబర్ వన్ అయిన పాట

జమైకా సంగీతం మీద పోయిన నెల రాసిన నాలుగు ముక్కలకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందులో సగం ఒకే ఒక్క పాట గురించి. అందుకే ఈసారి పేజీ మొత్తం జమైకాలో పుట్టిన రెగే సంగీతానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, యూబీ40 బృందం పాడిన ‘రెడ్ రెడ్ వైన్’ 1983 నాటి హిట్ అని ఒకచోట, 1988 నాటి హిట్ అని ఇంకోచోట చదివాను. ఏది కరెక్టు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: రెండూ కరెక్టే బాబూ. బ్రిటన్‌లో అది 1983 ఆగస్టులో విడుదలై, సెప్టెంబరులో మూడు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. అమెరికాలో మాత్రం మరుసటి ఏడు 34వ స్థానం దాకా ఎక్కి జారిపోయింది. ఇక అక్కడ దాని పని అయిపోయిందనే అనుకున్నారు.

1988 జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు పేరిట పెద్ద కచేరీ పెట్టారు. మండేలా అప్పటికింకా జైల్లోనే ఉన్నాడు. యూబీ40 వాళ్ళు ఆ వేదిక మీద ఈ పాట పాడారు. అదే ఏడాది అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో గయ్ జపోలియన్ అనే రేడియో ప్రోగ్రామ్ డైరెక్టర్, హిట్ కావలసి ఉండి కాకుండా పోయిన పాటలకి తన స్టేషన్‌లో చోటిచ్చి, అందులో దీన్ని వేశాడు. మళ్ళీ వెయ్యండి, మళ్ళీ వెయ్యండి అని శ్రోతలు పట్టుబట్టారు. ఏ అండ్ ఎమ్ అనే రికార్డు కంపెనీ ఆ సమయంలో యూబీ40 కొత్త ఆల్బమ్‌ని ప్రచారం చేసుకుంటోంది. ఆ పని పక్కన పెట్టి, ఐదేళ్ళ నాటి పాత పాటని మళ్ళీ మార్కెట్లోకి దింపింది. అమెరికాలో హిట్ పాటలకి వారం వారం వరస ఇచ్చే బిల్‌బోర్డ్ పత్రిక 1988 అక్టోబరు 15 నాటి పట్టికలో అది నంబర్ వన్!

చాలామంది ఈ ఘనత అంతా మండేలా కచేరీకే కట్టబెడతారు. నేను ఒప్పుకోను. ఆ రోజు వెంబ్లీలో పొద్దుపోయేదాకా పాటలు మోగుతూనే ఉన్నాయి. పాత రికార్డుని దుమ్ము దులిపి పైకి లాగింది మాత్రం ఫీనిక్స్ శ్రోతలే. రేడియో స్టేషన్‌లో కూర్చున్న ఒక్క మనిషి తన చెవిని నమ్ముకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇంకో సంగతి. పాట మధ్యలో యూబీ40 బృందంలోని ఆస్ట్రో (అసలు పేరు టెరెన్స్ విల్సన్) లయకి తగ్గట్టు గబగబా మాటలు చెప్పుకుంటూ పోయే భాగం ఒకటుంది. జమైకాలో దీన్ని ‘టోస్టింగ్’ అంటారు. కింగ్‌స్టన్ వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి రికార్డులు వేసేవాళ్ళు, పాట నడుస్తుండగానే మైకు అందుకుని పైన మాటలు కలిపేవాళ్ళు. అక్కడినుంచి పుట్టింది. 1983లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయిన సింగిల్‌లో, అంటే ఆ పాట కోసమే విడిగా వేసిన చిన్న రికార్డులో, ఆస్ట్రో భాగాన్ని కత్తిరించేశారు. ఆల్బమ్‌లో మాత్రం అది ఉంది. 1988లో అమెరికా విన్నది ఆ భాగంతో సహా. నా మటుకు నాకు ఆ పాటలో ప్రాణం అక్కడే ఉంది.

ప్రశ్న: ఆ పాట అసలు వాళ్ళది కాదని మా అబ్బాయి అంటున్నాడు. మరి అంత హిట్టయితే డబ్బులు ఎవరికి పోతాయండీ?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ప్రత్యేకంగా థ్యాంక్స్. నాకు బాగా ఇష్టమైన విషయం ఇది.

పాట రాసింది నీల్ డైమండ్ అనే అమెరికన్. 1967లో ఆయనే పాడాడు. నెమ్మదిగా, దిగులుగా సాగే పాట, రెగే వాసనే లేదు. అమెరికా పట్టికలో 62 దాటి పైకి రాలేదు. 1969లో జమైకా గాయకుడు టోనీ ట్రైబ్ దాన్ని రెగే లయలోకి మార్చి బ్రిటన్‌లో పాడాడు. అది 46వ స్థానం దాకా వచ్చింది. బర్మింగ్‌హామ్‌లో పెరిగిన యూబీ40 కుర్రాళ్ళు చిన్నప్పుడు విన్నది ఈ టోనీ ట్రైబ్ రికార్డునే. నిరుద్యోగ భృతి కోసం నింపే ఫారం పేరునే బృందానికి పెట్టుకున్న కుర్రాళ్ళు వాళ్ళు! గాయకుడు అలీ క్యాంప్‌బెల్‌కి ఒక బార్ గొడవలో గాయమైతే పరిహారం వచ్చింది. ఆ డబ్బుతోనే మొదటి వాయిద్యాలు కొన్నారు. నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాక, తమని పెంచిన పాటలకి మొక్కు తీర్చుకున్నట్టుగా ‘లేబర్ ఆఫ్ లవ్’ ఆల్బమ్ చేశారు. ‘రెడ్ రెడ్ వైన్’ అందులోదే.

రికార్డు మధ్యలో గుండ్రటి కాగితం లేబుల్ ఉంటుంది కదా, దాని మీద పాట పేరు కింద చీమల్లాంటి అక్షరాల్లో రచయిత పేరు వేస్తారు. అక్కడ ‘ఎన్. డైమండ్’ అని ఉంది. అది చూసి కూడా, ఎవరో నెగస్ డైమండ్ అనే జమైకా వాడై ఉంటాడనుకున్నామని ఆస్ట్రో తర్వాత చెప్పాడు. నీల్ డైమండ్ అని వాళ్ళ ఊహకే రాలేదు.

డబ్బు ఆ చిన్న అక్షరాల వెంటే నడుస్తుంది. రికార్డు అమ్ముడుపోతే పాడినవాళ్ళకీ, కంపెనీకీ, రాసినవాడికీ వాటాలున్నాయి. అమెరికా రేడియోలో పాట వేస్తే మాత్రం స్టేషన్ కట్టే రుసుము పాట రాసినవాళ్ళకీ, వాళ్ళ తరఫున పాట హక్కులు చూసుకునే పబ్లిషర్లకీ మాత్రమే పోతుంది. పాడినవాళ్ళకి పైసా రాదు. ఎఫ్ఎం స్టేషన్ల విషయంలో ఇప్పటికీ అంతే. అంటే ఫీనిక్స్‌లో ఆ పాట మోగిన ప్రతిసారీ ఆ లెక్క పడింది నీల్ డైమండ్ ఖాతాలో. అలా రావడం న్యాయమే, పాట ఆయనది. కానీ దానికి రెగే నడక ఇచ్చిన టోనీ ట్రైబ్‌కి ఆ లెక్కలో చోటే లేదు. లయ మార్చినంత మాత్రాన పాట మీద హక్కు రాదు. నన్నడిగితే ఈ కథలో అసలు బాకీ అతనికే. నీల్ డైమండ్ కూడా తర్వాత తన కచేరీల్లో ఆ పాటని రెగే పద్ధతిలోనే పాడాడంటే చూడండి.

ఎనభైల్లో విశాఖలో మా అన్నయ్యకి క్యాసెట్ల రికార్డింగ్ కొట్టు ఉండేది. జనం ఖాళీ క్యాసెట్టూ, పాటల చీటీ తెచ్చి ఇచ్చేవాళ్ళు. లోపలి అట్ట మీద పాటల పేర్లు రాయడం నా పని. పాట పేరు, పక్కన గాయకుడి పేరు. రాసినవాళ్ళ పేరుకి ఆ అట్టలో గీతే ఉండేది కాదు. మన దగ్గర సినిమా పాటల రచయితలకీ, సంగీత దర్శకులకీ రాయల్టీ హక్కు చట్టంలో గట్టిగా పడింది 2012 సవరణతోనే. అందుకే ఈ సంగతి ఎవరు అడిగినా ఇంత పొడుగు జవాబు రాస్తాను.

ప్రశ్న: రెగేలో మొట్టమొదటి నంబర్ వన్ ఇదేనా?
– ఎల్ఐసీ ఉద్యోగి, నంద్యాల

జవాబు: కాదండీ. బ్రిటన్‌లో 1969లోనే డెస్మండ్ డెక్కర్ ‘ఇజ్రాయిలైట్స్’ ఆ పని చేసేసింది. ఆయన అంతకుముందు కింగ్‌స్టన్‌లో వెల్డర్. పొద్దున్నే లేచి కూటి కోసం గొడ్డుచాకిరీ చేసేవాడి పాట అది. అమెరికాలో కూడా తొమ్మిదో స్థానం దాకా వెళ్ళింది.

ప్రశ్న: బాబ్ మార్లే పాటలు అమెరికాలో ఎన్ని నంబర్ వన్ అయ్యాయి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆయన గొంతుతో ఒక్కటీ కాలేదు. 1976లో ‘రూట్స్, రాక్, రెగే’ 51 దాకా వచ్చింది, అంతే. కానీ ఆయన రాసిన ‘ఐ షాట్ ద షెరిఫ్’ని ఎరిక్ క్లాప్టన్ పాడితే 1974లో అమెరికాలో నంబర్ వన్ అయింది. ఇక్కడ ‘రెడ్ రెడ్ వైన్’ కథ తిరగబడింది చూశారా? పాడింది ఇంగ్లండ్ వాడు, కలం జమైకాది.

‘నో వుమన్, నో క్రై’ సంగతి ఇంకా బాగుంటుంది. దాని రచయితగా మార్లే తన పేరు వేసుకోలేదు, విన్సెంట్ ఫోర్డ్ పేరు వేయించాడు. ఫోర్డ్ కింగ్‌స్టన్‌లోని ట్రెంచ్‌టౌన్ వాడలో పేదలకి అన్నం పెట్టే వంటిల్లు నడిపేవాడు. ఆ రాయల్టీ ఆయనకి ఆసరా అయింది. పాట నిజంగా ఎవరు రాశారన్న వాదన ఇప్పటికీ ఉంది. నాకా వాదన మీద ఆసక్తి లేదు. లేబుల్ మీది ఒక్క గీతకి ఎంత విలువో మార్లేకి బాగా తెలుసు, దాన్ని ఆకలి తెలిసిన స్నేహితుడికి ఇచ్చాడు.

ప్రశ్న: సంగీతం టీచర్‌ని. రెగే లయని పిల్లలకి ఎలా పట్టి చూపించాలి?
– తెనాలి

జవాబు: నాలుగు దెబ్బలు లెక్కపెట్టించండి టీచర్ గారూ. మన తాళంలో సమం మీద చెయ్యి పడుతుంది కదా, ఆ ఒకటో దెబ్బ దగ్గర డ్రమ్ము ఖాళీ వదిలేస్తుంది. బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. గిటారు మాత్రం రెండూ నాలుగూ దగ్గర టక్కుమని కోసినట్టు పలుకుతుంది. కింద బేస్ గిటారు దాదాపు ఇంకో పాట పాడుతున్నట్టు నడుస్తుంది. ఒకటి దగ్గర చప్పట్లు కొట్టకుండా ఆగడం పిల్లలకి మొదట కష్టంగా ఉంటుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది. ముందు నీల్ డైమండ్ 1967 పాట వినిపించండి, తర్వాత టోనీ ట్రైబ్, ఆ తర్వాతే యూబీ40. చివరిది ఆల్బమ్‌లో ఉన్న పూర్తి నిడివిదే అయ్యుండాలి, ఆస్ట్రో లేని సింగిల్ వద్దు.