విజయనగరంలో ఫర్నిచర్ పని నేర్చుకోవాలంటే ఐటీఐ మేలా, వడ్రంగి దగ్గర చేరడం మేలా?

రెండూ కావాలి, కానీ ముందు ఐటీఐ. కార్పెంటర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. అన్నిచోట్లా ఈ ట్రేడ్ ఉండదు కాబట్టి దరఖాస్తుకు ముందే కనుక్కోండి. డ్రాయింగ్, కొలతలు పద్ధతిగా నేర్పేది అక్కడే. అవి రాకపోతే ఎంత పనితనం ఉన్నా ఇతరుల డిజైన్లకు నకళ్లు చేస్తూ ఉండిపోతారు.

కలప స్వభావం మాత్రం పని దగ్గరే తెలుస్తుంది. చెక్క ఆరేటప్పుడు నారకు అడ్డంగా బాగా కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు మార్పుండదు. వానాకాలపు తేమకు మళ్లీ ఉబ్బుతుంది. అందుకే వెడల్పాటి బల్ల పైచెక్కను చట్రానికి కదలకుండా బిగిస్తే ఎండాకాలంలో పగులుతుంది. కాస్త జరిగే వీలుంచి బిగించడం మంచి వడ్రంగి చేతిని చూసి నేర్చుకోవాల్సిందే. వీలైతే బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి కూడా వెళ్లండి. పనస దుంగను తొలిచి వీణ చేసే ఆ ఓపికను కళ్లారా చూడాలి!

చేతిపనితో సంపాదించడం మొదలయ్యాక, 18 ఏళ్లు నిండితే, 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకానికి దరఖాస్తు చేయవచ్చు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఇస్తారు.